హృదయశక్తి రహస్యాన్ని వెదకిన యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి మండలం కవులకూ, సంఘసంస్కర్తలకూ పుట్టినిల్లని మనం తరచుగా చెప్పుకొంటాము. నన్నయ భట్టారకుడు రాజమహేంద్రవరంలో భారతాంధ్రీకరణకు పూనుకొన్నాడనీ, కందుకూరి వీరేశలింగం పంతులుగారు అదే నగరాన్ని సంస్కరణోద్యమానికి కేంద్రంగా చేసుకొన్నారనీ పాఠశాల విద్యార్థికి కూడా తెలుసు. కాని ప్రపంచంలో ఏ మూల జీవరసాయన శాస్త్రం అభ్యసించే విద్యార్థికైనా పరిచితమైన ఒక పేరు ఆ డెల్టాలోని భీమవరంలోనే పుట్టిందన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. ఆ పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మానవహృదయం ఏ శక్తితో కొట్టుకొంటున్నదో ఆ శక్తిని మోసే పదార్థాలను వెలికితీసిన వారిలో అగ్రగణ్యుడాయన. అట్టి మహనీయుని హృదయం ఏబదిమూడవ యేట, నిద్రలో, ఆకస్మికంగా ఆగిపోవడం విధివైపరీత్యమనే అనాలి. ఆయన జీవితం ఎంత స్ఫూర్తిదాయకమో, ఆయన మరణం అంత ఆలోచింపజేసేది.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. కుటుంబం పెద్దది, రాబడి స్వల్పం. బాలుడికి చదువుపై మొదట అంతగా శ్రద్ధ ఉండేది కాదు. పదమూడవ యేట ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఆ పిల్లవాని సంకల్పం. దారిలోనే పట్టుబడి తిరిగి ఇల్లు చేరాడు. తల్లి వెంకమ్మగారు ఊరుకొనే మనిషి కాదు. కుమారుడు చదివి తీరవలసిందేనని పట్టుబట్టి రాజమండ్రి పంపారు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడైనాడు. నేడు పరీక్ష తప్పినంత మాత్రాన భవిష్యత్తే లేదని కుమిలిపోయే విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయమిది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యసించాలని ఆశించారు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోలేమని మఠం పెద్దలు చెప్పారు. వెంకమ్మగారు అంగీకరించలేదు. వైద్యవిద్య నేర్చి జనసేవ చేయమన్న హితవును శిరసావహించి, ఆయన 1915లో మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించారు. 1919లో శేషగిరి అనే కన్యతో వివాహమైంది. చదువు ఖర్చులలో మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆదుకొన్నారు.

అవి గాంధీజీ పిలుపు దేశమంతటా ప్రతిధ్వనిస్తున్న దినాలు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. దాని ఫలితంగా సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ఆ పట్టంతో మద్రాసు వైద్యశాఖలో మంచి ఉద్యోగం లభించడం దుర్లభమైంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే పనిలో కుదురుకొన్నారు.

ఈ కాలంలోనే ఆ కుటుంబంపై పిడుగు పడింది. కొద్దిరోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు సంగ్రహణి వ్యాధికి బలియైనారు. తిన్న అన్నం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి శుష్కించిపోయే వ్యాధి అది. తరువాత అదే వ్యాధి సుబ్బారావుగారిని కూడా పట్టుకొన్నది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. సోదరులను మింగిన వ్యాధికి మందు కనుగొనాలన్న దీక్ష అప్పుడే ఆయన హృదయంలో నాటుకొన్నది.

హార్వర్డులో పదునెనిమిదేండ్లు

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ అందించిన ధనసహాయమూ, మామగారి తోడ్పాటూ ఆలంబనగా ఆయన ఓడ ఎక్కి, 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు గాని, పొట్టగడవడం కష్టమైంది. వైద్యపట్టం పుచ్చుకొన్న మనిషి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే నౌకరీ చేశాడు. ఇంటివద్ద జన్మించిన కుమారుడు తండ్రి కంట పడకుండానే శైశవంలో కన్నుమూశాడు. త్వరలో వస్తానని చెప్పి వెళ్ళిన భర్త కోసం శేషగిరమ్మగారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన తిరిగి రానేలేదు. ఒక మహాశాస్త్రజ్ఞుని కీర్తిలో కనిపించని ఈ త్యాగాన్ని కూడా మనం స్మరించాలి.

హార్వర్డు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి సుబ్బారావుగారు చేసిన మొదటి ఘనకార్యం భాస్వరాన్ని కొలిచే పద్ధతి. రక్తంలోనూ, కండరంలోనూ అత్యల్పంగా ఉండే భాస్వరాన్ని నీలిరంగుగా మార్చి, ఆ రంగు గాఢతనుబట్టి పరిమాణాన్ని లెక్కించే విధానం అది. 1925లో ప్రకటించబడిన ఆ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి దశాబ్దాలపాటు ప్రపంచ ప్రయోగశాలలలో నిత్యవ్యవహారమైంది.

ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తూ వుండగా వారికి ఒక చిక్కు ఎదురైంది. నీలిరంగు రావలసినంత వేగంగా రావడంలేదు. మరొకరైతే ప్రయోగం చెడిందని పారబోసి వుండేవారు. వీరు మాత్రం ఆ ఆలస్యానికే కారణం వెదికారు. కండరంలో త్వరగా విడిపోయే ఒక భాస్వర సమ్మేళనం దాగివున్నదని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతిని వారు ప్రకటించారు. అదే సంవత్సరంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ పదార్థపు జాడ కనిపెట్టారు. కండరం లాక్టిక్ ఆమ్లం వలన పనిచేస్తుందన్న సిద్ధాంతానికి హిల్, మయర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకొని వున్నారు. ఆ సిద్ధాంతం కూలిపోవడానికి ఈ ఆవిష్కరణ దారితీసింది. 1929లో ఫిస్కే, సుబ్బారావులు ఏ.టి.పి. అనే పదార్థాన్ని కండరం నుండి వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే కాలంలో స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు.

ఏ.టి.పి. అన్ని జీవకణాలకూ చెలామణి నాణెం వంటిది. మనం తిన్న అన్నం, పీల్చిన గాలి చివరకు ఆ నాణెంగా మారిన తరువాతనే కండరం కదులుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి ఆదుకొనే మదుపు వంటిది. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకొనే గుండెకు విరామం లేదు. దానిలో నిలువ వుండే ఏ.టి.పి. కొద్ది సెకన్లకే సరిపోతుంది. కనుక ఎప్పటికప్పుడు ప్రాణవాయువుతో కూడిన రక్తం అందుతూనే వుండాలి. గుండెకు రక్తం చేర్చే ధమని మూసుకుపోతే మొదట తరిగిపోయేది సుబ్బారావుగారు కనుగొన్న ఫాస్ఫోక్రియాటినే. ఆ పదార్థంపై పనిచేసే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము, గుండెకండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారుతుంది. ట్రోపోనిన్ పరీక్ష వచ్చేవరకూ అనేక దశాబ్దాలపాటు వైద్యులు గుండెపోటును నిర్ధారించింది ఆ ఎంజైమును కొలిచియే. భీమవరం బిడ్డ పరిశోధన ఆ విధంగా లక్షలాది రోగుల మంచాల వద్దకు చేరింది.

లెడర్లీ ప్రయోగశాల

1930లో డాక్టరేటు లభించినప్పటికీ, హార్వర్డులో సుబ్బారావుగారికి స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్ పట్టణంలోవున్న లెడర్లీ ఔషధసంస్థలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధనలకు నాయకుడైనారు. ఆ తరువాతి యెనిమిదేండ్లలో ఆయన నాయకత్వాన జరిగిన కృషి ఒక వ్యక్తి జీవితానికి మించినది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. 1930 ప్రాంతాలలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని చూపింది. ఆ సారంలోని గుణం ఏ పదార్థానిదో తేల్చి, 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసినవారు సుబ్బారావుగారి బృందం. సంగ్రహణి రోగులకు అది సంజీవనియైంది. సోదరుల చితులవద్ద కలిగిన దీక్ష ఇరువదిఐదేండ్ల తరువాత ఇట్లు ఫలించింది.

రెండవది, ఫోలిక్ ఆమ్లానికి ప్రతిగా పనిచేసే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు. అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పదహారుమంది రక్తకేన్సరు బాలలకు చికిత్స చేసి, పదిమందిలో తాత్కాలికంగానైనా గుణం కనబడినదని 1948లో ప్రకటించాడు. మందుతో కేన్సరును ఎదిరించవచ్చునన్న ఆశకు అదే నాంది.

మూడవది 1947లో వెలువడిన హెట్రజాన్. బోదకాలుకు కారణమైన క్రిములపై పనిచేసే మందు అది. గోదావరి డెల్టాలో కాలువలూ, చేలూ, దోమలూ ఎట్లాగో బోదకాలు కూడా అట్లే చిరపరిచితం. సముద్రాలు దాటివెళ్ళిన బిడ్డ తన ఊరి కష్టాన్ని మరువలేదని ఈ మందు చెప్పక చెబుతున్నది. నేటికీ మన ప్రభుత్వాలు ఊరూరా పంచే బోదకాలు మాత్రలో వున్నది ఆ మందే. నాలుగవది, బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుని ప్రోత్సహించి వెలికితీయించిన ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది. 1948లో లోకానికి వెల్లడైంది.

ఇంత చేసిన మనిషి తన పేరు ముందుకు రాకుండా జాగ్రత్తపడ్డాడు. కీర్తి సహచరులకు వదిలి ప్రయోగశాల నీడలో నిలిచిపోయాడు. అమెరికా పౌరసత్వం పొందగల అవకాశం వచ్చినా స్వీకరించక భారతీయుడుగానే వుండిపోయాడు.

మరణము – ఒక కాలపు అంధకారము

1948 ఆగస్టులో ఒక రాత్రి నిదురించిన సుబ్బారావుగారు మరి లేవలేదు. గుండె ఆగిపోయింది. వయస్సు ఏబదిమూడు.

అదే సంవత్సరం జూన్‌లో అమెరికాలో జాతీయ హృదయ శాసనం వచ్చింది. ఆయన మరణించిన కొద్దివారాలకు, ఆయన చిరకాలం నివసించిన బోస్టన్‌కు దాపునే వున్న ఫ్రేమింగ్‌హామ్ అనే పట్టణంలో 5,209 మంది స్త్రీపురుషులను చేర్చుకొని ఒక మహాపరిశీలన ఆరంభమైంది. రక్తపోటు, కొలెస్టరాల్, పొగత్రాగడం, మధుమేహం అనేవి గుండెపోటుకు ముందుగానే దారివేస్తాయని లోకానికి తెలిపినది ఆ పరిశీలనయే. సుబ్బారావుగారు జీవించివున్న కాలంలో గుండెపోటు ముందస్తు కబురు లేని అతిథి. బ్రతికివున్న మనిషి ధమని గోడను కోయకుండా కంటితో చూడగల సాధనం నాటి వైద్యునికి లేదు.

నాడినిబట్టి హృదయస్థితిని ఊహించడం మన వైద్యులకూ, యునానీ హకీములకూ వంశపారంపర్యంగా వచ్చిన విద్య. ఇబ్న్ సీనా తన అల్‌ఖానూన్ గ్రంథంలో నాడిని పది లక్షణాలుగా విభజించి వివరించాడు. పదమూడవ శతాబ్దంలో ఇబ్న్ అన్నఫీస్, గుండె కుడిగదిలోని రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమగదికి చేరుతుందనీ, గుండెకు పోషణ దాని కండలో వ్యాపించిన నాళాలవలననే అందుతుందనీ వ్రాశాడు. కాని ఆ నాళాల లోపలి గోడ ఎట్లావున్నదో చూడడానికి లోకం ఇరువదవ శతాబ్దం వరకు వేచివుండవలసివచ్చింది.

చెవికి వినరాని శబ్దతరంగాలే ఆ పని నెరవేర్చాయి. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎడ్లర్, హెర్ట్స్ అనే ఇద్దరు శబ్దప్రతిధ్వనితో కొట్టుకొనే గుండెను చూశారు. కదిలే వస్తువునుండి వచ్చే తరంగం మారుతుందని 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం రక్తప్రవాహ వేగాన్ని కొలవడానికి ఉపకరించింది. 1986లో ఇటలీకి చెందిన పిన్యోలీ బృందం మెడలోని కంఠధమని గోడ లోపలి రెండు పొరల మందాన్ని ఆ తరంగాలతో కొలవవచ్చునని నిరూపించింది. ఆ మందం ఆరోగ్యవంతుడైన యువకునిలో అర మిల్లీమీటరు ప్రాంతంలో వుంటుంది. వయస్సుతోబాటు కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఒకచోట గోడ మిల్లీమీటరున్నర దాటి ఉబ్బితే దానిని కొవ్వుగడ్డగా పరిగణిస్తారు. మెడలోని ధమనిలో గడ్డకట్టినవానికి గుండెధమనులలో కూడా అట్టి గడ్డలు వుండే అవకాశం హెచ్చు. సూది లేదు, కోత లేదు, కిరణాల ప్రమాదమూ లేదు.

ఐతే యంత్రాన్ని చూచి మైమరవడం శాస్త్రం కాదు. 2012లో 14 పరిశీలనలలోని 45,828 మంది వివరాలను కలిపి చూడగా, వయస్సు, రక్తపోటు, కొలెస్టరాల్, పొగ మొదలైనవి తెలిసిన తరువాత కంఠధమని మందం అదనంగా చెప్పేది స్వల్పమేనని తేలింది. ఏ బాధా లేనివారందరికీ కంఠధమని ఇరుకును వెదకే పరీక్ష చేయనక్కరలేదని అమెరికా నివారణవైద్య నిపుణుల సంఘం 2021లో మరల చెప్పింది. అక్కరలేని శస్త్రచికిత్సకు అది దారితీయవచ్చునని వారి భయం. కాని మరొక పార్శ్వం కూడా వున్నది. స్వీడన్ ఉత్తరప్రాంతంలో 3,532 మందికి ఈ పరీక్ష చేసి, సగంమందికి మాత్రమే వారి ధమని చిత్రాన్ని చూపారు. ఏడాది తరువాత చిత్రం చూచినవారిలో గుండెజబ్బు ప్రమాదం లెక్కకు తగ్గినట్లు 2019లో ప్రకటించారు. నోటితో చెప్పిన హితవుకు కదలని మనిషి, తన ధమనిని తన కంటితో చూచి కదిలాడన్నమాట.

సుబ్బారావుగారి మందులు కూడా ఈ రంగంలో పరీక్షకు నిలిచాయి. ధమనిగోడలోని తాపం తగ్గితే గుండెపోటు తగ్గుతుందేమోనని, బోస్టన్ నగరపు పరిశోధకుల నాయకత్వాన 4,786 మందికి మెథోట్రెక్సేట్ పరీక్ష జరిగింది. గుండెపోట్లు తగ్గలేదని 2018లో వెల్లడైంది. ఫోలిక్ ఆమ్లం విషయంలో ఫలితం మిశ్రమం. గుండెపోటును అది ఆపలేకపోయింది. కాని చైనాలో అధిక రక్తపోటుగల 20,702 మందిలో రక్తపోటు మందుకు దానిని జోడించగా పక్షవాతం తగ్గినదని 2015లో తేలింది. లేదని తేలినదానిని లేదని ఒప్పుకోవడం కూడా శాస్త్రధర్మమే. రంగు ఆలస్యంగా వచ్చినందుకు ప్రయోగాన్ని పారవేయక కారణం వెదకిన సుబ్బారావుగారికి ఆ ధర్మం తెలిసినంతగా మరెవరికి తెలుసు?

పుట్టిన గడ్డ స్థితి

ఈ విషయమంతా దూరదేశాల ముచ్చట కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు లక్షా ఎనభైవేల జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన పండ్రెండు నెలలలో సంభవించిన 1,354 మరణాలకు కారణాలు విచారించారు. వందకు ముప్పదిరెండు మరణాలు గుండె, రక్తనాళాల వ్యాధులవలననే. అంటువ్యాధులవలన చనిపోయినవారు వందకు పన్నెండుగురు మాత్రమే. సుబ్బారావుగారి బాల్యంలో ఆ పల్లెలను పీడించినవి విరేచనాలు, జ్వరాలు, రక్తక్షీణత. వాటితో పోరాడేందుకు ఆయన మందులిచ్చి వెళ్ళారు. ఇప్పుడు ఆ పల్లెలను పొట్టనబెట్టుకొంటున్నది ఆయనను బలిగొన్న శత్రువే.

ఈ శత్రువు ఎక్కడ మొదలవుతాడో హైదరాబాదు చేరువలోని 29 గ్రామాల పరిశీలన కొంత చెప్పింది. గర్భిణులకూ, పసివారికీ పోషకాహారం పంచిన గ్రామాలలో పుట్టిన పిల్లలను కౌమారంలో పరీక్షించగా, వారి ధమనులు ఇతర గ్రామాల పిల్లల ధమనులకన్న మెత్తగా వున్నట్లు 2008లో వెల్లడించారు. ధమని ఆరోగ్యం తల్లిగర్భంలోనే ఆరంభమవుతుందన్నమాట. తల్లి రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం చేకూర్చిన సుబ్బారావుగారికి ఈ వార్త సంతోషం కలిగించి వుండేది.

విద్యార్థి మిత్రులు ఈ చరిత్ర చదివి గర్వపడి ఊరుకొంటే చాలదు. నలుబది దాటిన తల్లిదండ్రుల రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ ఎంతో తెలుసుకొన్న ఇల్లు మన వీధిలో ఎన్ని వున్నాయి? బీడీ, సిగరెట్టు మాన్పించగల కుమారులెందరు? ఉప్పు తగ్గించిన వంటిళ్ళెన్ని? ఇవి తేలిన తరువాత, వైద్యుడు అవసరమని తలచినవారికి ధమని పరీక్ష తోడ్పడుతుంది. వీటిని విడిచి చిత్రం కోసం పరుగెత్తడం పునాది లేకుండా గోడ కట్టడమే.

భారత ప్రభుత్వం ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో ఒక తపాలాబిళ్ళ విడుదల చేసింది. ఒక బూజుజాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు. కాని ఆయనకు తగిన స్మారకం శిలలోనూ, కాగితంలోనూ లేదు. కంటికి కనిపించని దానిని కొలిచి చూచి, కొలిచినదానిని నమ్మి, నమ్మినదానిని ఆచరించడమే ఆయన జీవితసారం. గోదావరి పల్లెలలో ఒక్క గృహస్థు అయినా ఏబదిమూడవ యేట నిద్రలో ఆరిపోకుండా, మనుమలను ఎత్తుకొనే వయస్సు వరకు జీవించినప్పుడు, భీమవరం బిడ్డ ఋణం కొంతైనా తీరినట్లవుతుంది.